లండన్ బండిని బెజవాడకు తెచ్చుకుందామనుకుంటే

విజయవాడలోనైనా గుంటూరులోనైనా విదేశీ కారు మాట వస్తే లెక్క ఒకే తీరున మొదలవుతుంది. "అక్కడ రెండేళ్లు వాడిన బండి ఎనిమిది లక్షలకే వస్తోందట. ఓడ ఖర్చు రెండు లక్షలు వేసుకో. సుంకం నూరు శాతం అనుకున్నా ఇరవై, మహా అయితే పాతిక. ఇక్కడ అదే బండి కొత్తది నలభై పైమాటే." వినడానికి బాగానే ఉంది గానీ ఇందులో మూడు తప్పులున్నాయి. సుంకం మీరు కొన్న ధర మీద పడదు. సుంకం నూరు శాతం కాదు. బండి దిగేది మన విశాఖలోనో చెన్నైలోనో కాదు. వీటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ఆ బండిని అసలు మన దేశంలోకి రానిస్తారా?

దానికి జవాబు స్టీరింగు దగ్గరే తెలిసిపోతుంది. పాత వాహనాల దిగుమతికి షరతులు పెట్టేది విదేశీ వాణిజ్య డైరెక్టరేట్, అందరూ డీజీఎఫ్‌టీ అంటారు. దాని దిగుమతి విధానంలో 87వ అధ్యాయం వాహనాలది. కారుకు స్టీరింగు, మిగతా కంట్రోళ్లు కుడివైపు ఉండాలని అందులో రాసి ఉంది. మన జిల్లాల పిల్లలు ఎక్కువమంది ఉన్నది అమెరికాలో, గల్ఫ్‌లో. రెండు చోట్లా స్టీరింగు ఎడమవైపే. డాలస్‌లో అబ్బాయి నడుపుతున్న హోండా అయినా, దుబాయ్‌లో బావగారి ల్యాండ్ క్రూజర్ అయినా కథ అక్కడితో సరి.

"తెచ్చాక ఆటోనగర్‌లో స్టీరింగు మార్పిద్దాం" అనేవాళ్లుంటారు. ఆటోనగర్‌లో కాని పని లేదన్న మాట నిజమే, కానీ షరతు బండి పోర్టులో దిగేటప్పటికే వర్తిస్తుంది, ఆ తర్వాత కాదు. పని కూడా తేలికైంది కాదు. స్టీరింగు ర్యాక్, బ్రేక్ బూస్టర్, పెడల్స్, వైపర్ల లింకేజీ, ఏసీ యూనిట్, డాష్‌బోర్డు వెనకున్న ఇనుప గోడలో రంధ్రాలు, ఎయిర్‌బ్యాగు వైరింగు, అన్నీ ఇటుది అటు మార్చాలి. అంతా చేసినా, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడాగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.

కాబట్టి మిగిలేవి కుడి స్టీరింగు దేశాలు: బ్రిటన్, ఐర్లాండ్, జపాన్, సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్, హాంకాంగ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. ఆచరణలో ఎక్కువగా వినపడేవి బ్రిటన్, జపాన్.

రెండో షరతు వయసు. తయారైన తేదీ నుంచి మూడేళ్లు దాటకూడదు. రిజిస్ట్రేషన్ తేదీ నుంచి కాదు, తయారీ తేదీ నుంచి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి డీలరు యార్డులో ఏడెనిమిది నెలలు పడి ఉండి, ఆ తర్వాత రిజిస్టర్ కావడం ఏ దేశంలోనైనా మామూలే. జపాన్ ఎగుమతి పత్రంలో మొదటి రిజిస్ట్రేషన్ నెల కనిపిస్తుంది గానీ తయారైన నెల కనిపించదు. బ్రిటన్ లాగ్‌బుక్కులోనూ ముందు కళ్లబడేది రిజిస్ట్రేషన్ తేదీయే. అందుకే కొనేముందు తయారీ నెలను చెబుతూ కంపెనీ నుంచి లేఖ తెప్పించుకోవాలి.

లేఖ వచ్చేలోపు బండిలోనే కొన్ని ఆధారాలు దొరుకుతాయి. సీటు బెల్టు మొత్తం బయటికి లాగితే అడుగున చిన్న గుడ్డ చీటీ ఉంటుంది, దాని మీద బెల్టు తయారైన తేదీ అచ్చు వేసి ఉంటుంది. బెల్టు సాధారణంగా బండి కంటే కొద్ది వారాల ముందు తయారవుతుంది. బండి తేదీ కంటే బెల్టు తేదీ బాగా తర్వాతిదైతే గుద్దుకున్న బండికి బెల్టు మార్చారని అనుమానించాలి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల కోడ్ చూడండి. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 3523 అంటే 2023లో 35వ వారం. అన్ని అద్దాల మీదా కంపెనీ గుర్తు పక్కన సంవత్సరపు అంకె ఉంటుంది. ఒక్క అద్దం మీదే అంకె తేడాగా ఉంటే ఆ అద్దం మార్చినట్టు.

కొనడం, అక్కడి పరీక్ష, ఓడ, ఇక్కడి క్లియరెన్స్ కలిపి నెలలు గడిచిపోతాయి. నా మటుకు నేను రెండేళ్ల మూడు నెలలు దాటిన బండి వైపు చూడనే వద్దంటాను. రెండేళ్ల పది నెలల బండి చవగ్గా కనబడిందంటే, ఆ చవకకు కారణం అదే కావచ్చు.

స్పీడోమీటరు కిలోమీటర్లలో ఉండాలి. జపాన్ బండితో ఈ చిక్కు లేదు. బ్రిటన్‌లో డయల్ మీద పెద్దంకెలు మైళ్లలో ఉంటాయి. డిజిటల్ డయల్ అయితే సెట్టింగుల్లో మార్చుకోవచ్చు, ముల్లు తిరిగేదైతే క్లస్టరు, అంటే మీటర్ల డబ్బా మొత్తం, మార్చాల్సిందే. ఓడోమీటరు విషయంలోనూ జాగ్రత్త. 30,000 మైళ్లంటే 48 వేల కిలోమీటర్ల పైచిలుకు. పత్రాల్లో ఒకచోట మైళ్లు, ఇంకోచోట కిలోమీటర్లు రాస్తే, మీటరు వెనక్కి తిప్పారా అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ కూర్చోవాలి.

హెడ్‌లైట్లకూ షరతుంది: ఎడమవైపు నడిచే రోడ్డుకు సరిపోయే కాంతి ఉండాలి. చూడటం సులువే. చీకట్లో బండిని గోడకు అయిదు మీటర్ల దూరంలో ఎదురుగా నిలిపి లో బీమ్ వేయండి. గోడ మీద వెలుగు పైఅంచు గీత గీసినట్టుగా కనబడుతుంది. మనకు కావాల్సిన లైటుకు ఆ గీత ఎడమవైపు పైకి లేస్తుంది, రోడ్డు పక్కన నడిచేవాళ్లు కనబడటానికి. అది కుడివైపు లేచిందంటే ఎదురొచ్చేవాడి కళ్లలో కొడుతుంది. యూరప్ ప్రమాణాల లైటైతే గ్లాసు మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. బండికి ఎదురుగా నిలబడి చూస్తే బాణం మీ కుడివైపు చూపిస్తే ఎడమవైపు రోడ్లకు చేసిన లైటు. బాణం లేకపోతే కుడివైపు రోడ్లది. రెండు వైపులా బాణముంటే దేనికైనా మార్చుకోగలిగేది.

ఇవన్నీ దాటినవాళ్లలో కూడా ఎక్కువమందిని ఆపేసేది సర్టిఫికెట్ల మెట్టు. ఓడ ఎక్కడానికి సరిగ్గా ముందు, కేంద్ర ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థ ఆ బండిని పరీక్షించి, మన మోటారు వాహనాల చట్టం 1988కీ, కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989కీ సరిపోతుందని రాసివ్వాలి. దిగుమతి అయిన రోజు నుంచి కనీసం అయిదేళ్లు రోడ్డు మీద నడిచే స్థితిలో ఉంటుందనీ, ఆ అయిదేళ్లూ మన దేశంలో సర్వీసు సౌకర్యం ఉంటుందనీ హామీ కావాలి. "అక్కడి టెస్టు పాసైందిగా" అంటే కుదరదు. బ్రిటన్‌లో చేయించే టెస్టు ఆ దేశపు రోడ్లకు, మనవాళ్లు అడిగేది మన నియమాలకు. రెండో హామీ ఇంకా కష్టం. ఆ మోడల్ ఇక్కడ అసలు అమ్మని కంపెనీ అయితే సర్వీసు ఇస్తామని రాసిచ్చేదెవరు? ఇక్కడ దొరకని బండి కావాలనే కదా దిగుమతి చేసుకునేది. ఇక్కడ దొరకదు కాబట్టే హామీ కూడా దొరకదు. ఈ మెలిక గురించి అమ్మేవాళ్లెవరూ ముందు చెప్పరు.

పోర్టులో దిగాక కూడా పరీక్ష ఉంది. సుంకం కట్టి బయటికి తెచ్చుకోవడానికి ముందే పుణెలోని ఏఆర్‌ఏఐ గానీ, అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) వీఆర్‌డీఈ గానీ, అలా గుర్తింపు ఉన్న మరో సంస్థ గానీ చూసి ఒప్పుకోవాలి. ఈలోగా పోర్టు అద్దె పెరుగుతూనే ఉంటుంది.

ఇక పోర్టు ఏదంటే ముంబయి ఒక్కటే. కొత్త కార్లకు చెన్నైతో సహా చాలా పోర్టులున్నాయి, పాత కార్లకు మాత్రం ముంబయి కస్టమ్స్ పోర్టు తప్ప దారి లేదు. "చెన్నైలో మనవాడున్నాడు, అక్కడ దించుదాం" అని బుక్ చేస్తే బండి అక్కడ ఇరుక్కుంటుంది. ముంబయి నుంచి మనకు వెయ్యి కిలోమీటర్ల దాకా ఉంటుంది. పుణె నుంచి షోలాపూర్, హైదరాబాద్ మీదుగా విజయవాడ దాటి మచిలీపట్నం దాకా వెళ్లే 65వ జాతీయ రహదారి మీదే కార్ల ట్రైలర్లు వస్తాయి. రిజిస్ట్రేషన్ లేని బండిని సొంతంగా నడుపుకుంటూ రావాలని సరదా పడొద్దు. ట్రైలర్ మీదే వేయించి, సుంకం కట్టిన బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌లో వేసే దిగుమతి పత్రం) కాపీ డ్రైవరు చేతికివ్వండి.

ఇప్పుడు డబ్బు లెక్క. ముందుగా కొత్తది అంటే ఏమిటో, పాతది అంటే ఏమిటో చూడాలి. ఏ దేశంలోనైనా దిగుమతికి ముందు ఒకసారి రిజిస్టర్ అయిందంటే అది పాత కారే. "మొన్నే కొన్నాం, వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగలేదు" అంటే కస్టమ్స్ వినదు. 2025 బడ్జెట్ దాకా పాత కార్ల మూల సుంకం 125 శాతం, దాని మీద సంక్షేమ సర్‌ఛార్జి కలిపి 137.5 పడేది. ఆ బడ్జెట్‌లో మూల సుంకాన్ని 70 శాతానికి తగ్గించారు. పేపర్లో ఆ ముక్క చదివి ఉబ్బిపోయినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పక్కనే 67.5 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు పెట్టారు. 70కి 67.5 కలిపితే మళ్లీ అదే 137.5.

దాని మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్లకు 40 శాతం. పెట్రోలు 1200 సీసీ లోపు, డీజిలు 1500 సీసీ లోపు ఉండి, పొడవు నాలుగు మీటర్లు మించని చిన్న కార్లకు 18 శాతం. ఐజీఎస్టీ బండి విలువ ఒక్కదాని మీద కాదు, విలువకు సుంకం కలిపిన మొత్తం మీద పడుతుంది.

ఆ విలువ ఎలా కడతారో తెలియకే మన లెక్కలన్నీ తప్పుతాయి. మీరు వేలంలో ఎనిమిది లక్షలకు పాడుకున్నారా, స్నేహితుడు ఊరికే ఇచ్చాడా అన్నది కస్టమ్స్‌కు అక్కర్లేదు. ఆ మోడల్ కొత్తగా ఉన్నప్పుడు కంపెనీ ప్రకటించిన ధర తీసుకుని తరుగు తీసేస్తారు. మొదటి ఏడాదిలో మూడు నెలలకు 4 శాతం చొప్పున, రెండో ఏడాది 3, మూడో ఏడాది 2.5, ఆ తర్వాత 2. అంటే సరిగ్గా రెండేళ్ల బండికి 16, 12 కలిపి 28 శాతం, రెండున్నరేళ్లదానికి 33 శాతం. దానికి ఓడ కిరాయి, బీమా కలుపుతారు. కిరాయి రసీదు చూపించలేకపోతే విలువలో 20 శాతం కిరాయి కిందా, బీమా తెలియకపోతే 1.125 శాతం దాని కిందా వేసేస్తారు. కాబట్టి ఓడ కంపెనీ ఇన్వాయిస్ విడిగా, స్పష్టంగా ఉండేలా చూసుకోవాలి.

ఒక బండి తీసుకుందాం. కొత్తది అక్కడ మన డబ్బుల్లో 20 లక్షలు. సరిగ్గా రెండేళ్ల వయసు. మీరు కొన్నది 8 లక్షలకు. తరుగు పోగా కస్టమ్స్ లెక్కలో విలువ 14.4 లక్షలు. కిరాయి, బీమా 1.6 లక్షలు కలిస్తే 16. దీని మీద 137.5 శాతం అంటే 22 లక్షలు. రెండూ కలిపి 38. దాని మీద 40 శాతం ఐజీఎస్టీ 15.2 లక్షలు. మొత్తం పన్ను 37.2 లక్షలు. మీ జేబులోంచి పోయేది 8, 1.6, 37.2 కలిపి 46.8 లక్షలు. పరీక్షల ఖర్చు, బ్రోకరు ఫీజు, పోర్టు అద్దె, ట్రైలరు ఇంకా వేయలేదు. బండి ఎనిమిది, పన్ను ముప్ఫై ఏడు! అసలు కంటే కొసరెక్కువ అన్న మాట ఇంతకంటే ఎక్కడా అతకదు.

చిన్న బండిని చూస్తే జపాన్ కేయ్ కార్లు గుర్తొస్తాయి: 660 సీసీ, పొడవు 3.4 మీటర్లు. కస్టమ్స్ విలువ 6 లక్షలని తేలితే సుంకం 8.25, ఐజీఎస్టీ 18 శాతం లెక్కన 2.57 లక్షలు. ఆరు లక్షల బండికి పన్ను 10.8 లక్షలు. కాస్త నయం, అంతే.

సుంకం రేటు బిల్ ఆఫ్ ఎంట్రీ వేసిన రోజుది గానీ ఓడ రేవులోకి వచ్చిన రోజుది గానీ, ఏది తర్వాతైతే అది. బడ్జెట్ వచ్చే ఫిబ్రవరి ఒకటి చుట్టుపక్కల బండి వచ్చేలా పెట్టుకోకండి. డాలరుకూ పౌనుకూ వేసే రేటు కూడా బ్యాంకుది కాదు, కస్టమ్స్ ప్రకటించేదే.

తిరిగొచ్చి స్థిరపడేవాళ్ల సంగతి వేరే చెప్పాలి. రెండేళ్లు ఎడతెగకుండా విదేశంలో ఉండి శాశ్వతంగా వచ్చేస్తున్నవాళ్లు, కనీసం ఏడాదిగా తమ దగ్గరే ఉన్న కారును ఒకదాన్ని తెచ్చుకోవచ్చు. ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ అంటారు, వాడుకలో టీఆర్. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్‌లకు టీఆర్‌లో సుంకం తగ్గుతుంది కాబట్టి కారుకూ తగ్గుతుందని అనుకుంటారు. తగ్గదు. మోటారు వాహనం బ్యాగేజీ కిందికి రాదు, పూర్తి సుంకం కట్టాల్సిందే. పైగా రెండేళ్ల దాకా అమ్మకూడదన్న షరతును రిజిస్ట్రేషన్ పత్రంలో, పాస్‌పోర్టులో ఎక్కిస్తారు. ఏడాది స్వాధీనం అంటే మీ పేరు మీద ఏడాది. భార్య పేరు మీదున్న బండిని భర్త టీఆర్‌లో చూపిస్తే అక్కడే ఆపుతారు. మధ్యలో ఇండియాకు వచ్చి వెళ్లిన రోజులన్నీ పాస్‌పోర్టు ముద్రలతో సహా ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, అవి అడుగుతారు.

కార్నెట్ అనే ఇంకో మాట చెవిన పడుతుంది. అది పర్యాటకులు బండి తెచ్చి, ఆరు నెలల్లో మళ్లీ తీసుకెళ్లిపోవడానికి ఇచ్చే పత్రం. దాని మీద వచ్చిన బండిని ఇక్కడ ఉంచుకోకూడదు, అమ్మకూడదు.

కొనేటప్పటి కాగితాలకు వద్దాం. బ్రిటన్‌లో వీ5సీ లాగ్‌బుక్కు ఉంటుంది. శాశ్వత ఎగుమతి భాగాన్ని నింపి అక్కడి వాహన రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్‌ఏకు పంపి, మిగతా పుస్తకం మీ దగ్గర పెట్టుకోవాలి. పంపేముందు ప్రతి పేజీ రంగుల్లో స్కాన్ చేయించండి. బండి మీద అప్పు ఉందేమో అక్కడి హెచ్‌పీఐ తనిఖీలో తెలుస్తుంది. అప్పు తీరని బండి వాళ్ల దృష్టిలో ఇంకా ఫైనాన్స్ కంపెనీదే.

జపాన్‌లో వేలం షీటు చదవడం రావాలి. 4, 4.5 లాంటి అంకెలు గ్రేడు. ఆర్ గానీ ఆర్‌ఏ గానీ ఉంటే ప్రమాదంలో దెబ్బతిని బాగుచేసిన బండి. షీటులోని కారు బొమ్మ మీద ఏ అంటే గీత, యు అంటే సొట్ట, డబ్ల్యూ అంటే బాగుచేశాక మిగిలిన అల, ఎస్ అంటే తుప్పు, ఎక్స్ అంటే ఆ భాగం మార్చాలి, రెండు ఎక్స్‌లు ఉంటే మార్చేశారు. మంచు ప్రాంతపు బండి అయితే అడుగుభాగం ఫొటోలు లేకుండా కొనొద్దు. అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. బ్రిటన్‌లోనూ అంతే. పైన అద్దంలా మెరిసే బండికి కింద సస్పెన్షన్ బోల్టులు ఊడిరావు, స్పానరు వేస్తే తలలు తెగిపోతాయి.

జపాన్ బండికి కాగితాల్లో రెండు లోపాలుంటాయి. ఒకటి, వాళ్ల దేశంలో వాడే బండ్లకు పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరు ఉండదు, మోడల్ కోడ్, గీత, ఆరేడు అంకెలు, అంతే. రెండు, ఎగుమతి పత్రంలో ఇంజిన్ రకం ఉంటుంది గానీ ఇంజిన్ నంబరు ఉండదు. మన ఆర్‌సీకి ఇంజిన్ నంబరు కావాలి. కాబట్టి బండి ఓడ ఎక్కకముందే ఇంజిన్ బ్లాకు మీద కొట్టిన నంబరును తుడిచి, దగ్గరగా ఫొటో తీయించి, ఇన్వాయిస్‌లో అదే నంబరు రాయించాలి. ఆ రాత జపనీస్ కాగితాల అనువాదంతోనూ సరిపోవాలి. ముంబయిలో అధికారి బండి తెరిచి నంబర్లు పోల్చేటప్పుడు ఒక సున్నా ఇంగ్లిష్ "ఓ"గా మారి ఉన్నా ఫైలు పక్కకు వెళ్తుంది.

ఓడలో పంపే పద్ధతులు రెండు. బండిని నడిపి ఓడలోకి ఎక్కించే రోరో, లేదా కంటెయినరు. ఇరవై అడుగుల కంటెయినరు లోపలి పొడవు దాదాపు 5.9 మీటర్లు, వెడల్పు 2.35. మామూలు కారు పడుతుంది గానీ గోడకూ తలుపుకూ మధ్య మనిషి దూరే సందు తక్కువ, లోపలికి నడిపినవాడు కిటికీలోంచి దిగాల్సి రావొచ్చు. పెట్రోలు పావు ట్యాంకు లోపే ఉంచాలి, అలారం తీసేయాలి. కంటెయినరైతే బ్యాటరీ నెగటివ్ తీగ కూడా విప్పాలి. డిక్కీలో ఇంటి సామాన్లు నింపడం మనవాళ్లకు అలవాటు. వద్దు. కారు బిల్లులో కారు ఒక్కటే ఉండాలి, లోపల ప్రెషర్ కుక్కరు కనబడినా అది ప్రకటించని సరుకే.

దిగుమతి కోడ్, అంటే ఐఈసీ, సొంత వాడకానికి తెచ్చుకునేవాళ్లు విడిగా తీసుకోనక్కర్లేదు. పాన్, ఆధార్, పాస్‌పోర్టు చాలు. లైసెన్సు ఉన్న కస్టమ్స్ బ్రోకరు కస్టమ్స్ వాళ్ల వెబ్‌సైటు ఐస్‌గేట్‌లో బిల్ ఆఫ్ ఎంట్రీ వేస్తాడు. ఓడ రావడానికి ముందురోజు పూర్తయ్యేలోపే వేయాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆ తర్వాత రోజుకు 10,000 రూపాయలు. సుంకం లెక్క తేలాక కట్టడం ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ. ముప్ఫై రోజుల్లో విడిపించుకోకపోతే అమ్మేసే అధికారం పోర్టుకుంది. డబ్బు మొత్తం బ్యాంకులో కదలకుండా ఉన్నాకే బండిని ఓడ ఎక్కించండి. పొలం అమ్మిన డబ్బు వచ్చే నెలలో వస్తుందన్న ధీమాతో ఈ పనికి దిగకూడదు.

బ్రోకరును ఎంచుకునేటప్పుడు ఒకటే ప్రశ్న అడగండి: "పాత కారు బిల్ ఆఫ్ ఎంట్రీ ఎన్ని వేశారు?" యంత్రాలు, రసాయనాలు, గుంటూరు మిర్చి ఎగుమతులు చూసే బ్రోకరు ఎంత దిట్ట అయినా దీనికి కొత్తే. "విలువ తక్కువ చూపించి పని కానిచ్చేద్దాం" అన్నవాడికి అక్కడే దణ్ణం పెట్టి లేచి రండి. తప్పుడు విలువ బయటపడితే కస్టమ్స్ చట్టం కింద బండి జప్తు, దాని మీద జరిమానా. అవి ముందు పడేది మీ పేరు మీదే.

విజయవాడ చేరాక ఆర్‌టీఏ పని. ఫారం 20 (రిజిస్ట్రేషన్ దరఖాస్తు), కస్టమ్స్ క్లియరెన్స్, సుంకం రసీదు, పరీక్షా సంస్థ సర్టిఫికెట్, విదేశీ రిజిస్ట్రేషన్ రద్దయిన పత్రం, అనువాదం, ఇన్సూరెన్స్, చిరునామా, పాన్. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన ప్రింటు కూడా సిద్ధంగా ఉంచండి. మన రాష్ట్రంలో 2019 నుంచి జిల్లాకో కోడ్ లేదు కాబట్టి విజయవాడ పాత ఏపీ 16, గుంటూరు ఏపీ 07 ఇప్పుడు రావు, రాష్ట్రమంతటికీ కలిపి ఉన్న వరుసలోనే నంబరిస్తారు. లైఫ్ ట్యాక్స్ 20 లక్షలు దాటిన కొత్త బండికి 18 శాతం, బండి వయసును బట్టి కాస్త తగ్గుతుంది. కట్టిన సుంకం కూడా ఖరీదులో కలుస్తుందనే లెక్కతో డబ్బు ఉంచుకోండి. పైన చూసిన బండికి ఇంకో ఎనిమిది తొమ్మిది లక్షలన్నమాట. మొత్తం యాభై అయిదు దాటింది.

ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ప్రీమియం 1500 సీసీ దాటిన సొంత కారుకు 2022 నుంచి ఏడాదికి 7,897 రూపాయలు. అసలు చిక్కు ఐడీవీ దగ్గర, అంటే బీమా కంపెనీ ఒప్పుకునే బండి విలువ దగ్గర వస్తుంది. ఇక్కడ అమ్మని మోడల్‌కు ధరల పట్టికలో పేరే ఉండదు, కంపెనీతో మాట్లాడి రాతపూర్వకంగా తేల్చుకోవాలి. మీరు కట్టిన సుంకం అందులో కలిసిందో లేదో చూడండి. లేకపోతే బండి పోయిన రోజున ఎనిమిది లక్షలు చేతిలో పెడతారు.

ఇక్కడ నడిపేటప్పటి ఇబ్బందులు వేరు. పెట్రోలు బంకుల్లో ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పోస్తున్నారు. బ్రిటన్‌లో మామూలు పెట్రోలు ఈ10. మూత తెరిస్తే లోపల అది ఎంత దాకా తట్టుకుంటుందో రాసి ఉంటుంది. ఈ10 అని మాత్రమే ఉంటే ఇంధన గొట్టాలు, రబ్బరు సీళ్లు తొందరగా పాడవుతాయి. చలి దేశపు వింటర్ టైర్లు మే నెల బందరు రోడ్డు మీద మెత్తబడి అరిగిపోతాయి, దిగిన వారంలోనే మార్చేయాలి. కూలెంట్ మార్చి, ఏసీ కండెన్సరు కడిగించి, రేడియేటరు ఫ్యాను తిరుగుతోందో లేదో ఎండలో పరీక్షించాలి. ఇరవై డిగ్రీల్లో బాగున్న ఏసీ నలభై నాలుగు డిగ్రీల్లో తేలిపోతుంది. ముందు అద్దం, బంపరు, హెడ్‌లైటు, ఈ మూడూ ఎక్కడ దొరుకుతాయో కొనేముందే కనుక్కోండి. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ముందు పోయేవి అవే. జపాన్ బండిలో రేడియో 76 నుంచి 95 మెగాహెర్ట్జ్ దాకానే పట్టుకుంటుంది. 98.3 కావాలంటే ఆ డబ్బా తీసి వేరేది పెట్టాలి.

"ఇంత తలనొప్పి ఎందుకు, దిగుమతి అయి రిజిస్టరైన బండే దొరుకుతోంది, సగం ధరకే" అనే మెసేజీలు వస్తుంటాయి. 2025 సెప్టెంబర్‌లో కేరళలో కస్టమ్స్ వాళ్లు ఆపరేషన్ నుమ్‌ఖోర్ పేరుతో భూటాన్ నుంచి దొంగదారిన వచ్చిన కార్లను పట్టుకున్నారు. దొంగ పత్రాలతో వేరే రాష్ట్రాల్లో రిజిస్టరై చేతులు మారినవి. బండి పోయింది కొన్నవాడిది. దూరపు రాష్ట్రం నంబరున్న విదేశీ బండి ఎదురైతే ఆర్‌సీ చూసి సంతోషపడొద్దు. బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరు, తేదీ, పోర్టు అడగండి. పాత బండికి పోర్టు ముంబయి కాకుండా ఇంకేదైనా కనబడితే, తయారీ తేదీకీ బిల్లు తేదీకీ మధ్య మూడేళ్లు దాటితే, అడ్వాన్సు ఇవ్వకుండా వెనక్కి రండి. ఆ నంబరును ఐస్‌గేట్ వెబ్‌సైటులో వేసి చూడటానికి అయిదు నిమిషాలు పట్టదు.